నర్సమ్మకు ఊరు చెప్పే పాఠాలు

‘ఎన్నో నెల?’

కడుపుతో ఉన్న అమ్మాయి ఎదురుపడితే నర్సు అడిగే మొట్టమొదటి ప్రశ్న ఇది. ఖమ్మం జిల్లా ఎర్రుపాలెం లాంటి ఊళ్లో అయితే జవాబు ఠక్కున వచ్చేస్తుంది. నెలా, తేదీ చెప్పడమే కాదు... స్కానింగ్ కాగితం కూడా తెచ్చి చేతిలో పెడతారు. అదే ప్రశ్న భద్రాచలం ఏజెన్సీలో, అడవి లోపలి గుత్తికోయల గూడెంలో వేసి చూడండి. ఆ అమ్మాయి నవ్వి తల వంచుకుంటుంది. తెలియక కాదు, ఆమె లెక్క క్యాలెండర్లో ఉండదు. అంతే!

అక్కడ నర్సమ్మ ప్రశ్న మార్చాలి. ‘ఇప్పపూలు ఏరేటప్పటికి నెలసరి ఆగిందా, ఇంకా వస్తోందా? తునికాకు కోతకు వెళ్లినప్పుడో? మిరప ఏరడానికి వెళ్లి తిరిగొచ్చాక ఒక్కసారైనా వచ్చిందా?’ అంటూ అడవితో పాటు వెనక్కి నడవాలి. ఇప్పపూలు రాలేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. తునికాకు కోసేది ఎండలు ముదిరాక. ఆ గుర్తుల మధ్య ఎక్కడో చివరి నెలసరి దొరుకుతుంది. దానికి 9 నెలల 7 రోజులు కలిపితే కాన్పు తేదీ. ఈ కూడిక నర్సింగ్ స్కూల్లో నేర్పుతారు. దేనికి కలపాలో మాత్రం గూడెమే నేర్పాలి.

తేదీ నెల అటూ ఇటూ అయితే ఏమవుతుందిలే అనుకోవడానికి లేదు. జూన్‌లో అనుకున్న కాన్పు జులై చివర్లో వచ్చిందంటే, అప్పటికి వాగులు పొంగుతాయి. దారి ఉండదు.

ఒకటే ఉద్యోగం... రెండు లోకాలు

ఏఎన్‌ఎం అనే మూడక్షరాల పేరులో నర్సూ ఉంది, మంత్రసానీ ఉంది. రెండేళ్ల శిక్షణ ముగించుకుని ఉద్యోగంలో చేరిన ఏఎన్‌ఎంకు ప్రభుత్వం అప్పగించేది ఒక ఉపకేంద్రం. మైదాన ప్రాంతమైతే 5 వేల జనాభాకు ఒకటి, గిరిజన ప్రాంతమైతే 3 వేలకు ఒకటి అన్నది లెక్క. చూడ్డానికి ఏజెన్సీలో పని తక్కువే అనిపిస్తుంది. కానీ మైదానంలో 5 వేల మంది రెండు మూడు ఊళ్లలో దొరుకుతారు. అడవిలో 3 వేల మంది కోసం ఎన్ని గూడేలు తిరగాలో, ఎన్ని వాగులు దాటాలో ఆ లెక్కలో రాయలేదు.

ఉమ్మడి ఖమ్మం జిల్లాకు ఈ రెండు లోకాలూ ఉండేవి. దక్షిణాన ఆంధ్రా సరిహద్దులో ఎర్రుపాలెం. కాజీపేట, విజయవాడ రైలు మార్గంలో స్టేషన్ ఉంది. పక్కనే జమలాపురం వేంకటేశ్వరస్వామి గుడి. ఒంట్లో బాగోకపోతే రైలో బస్సో ఎక్కి విజయవాడ ఆసుపత్రికి వెళ్లొచ్చు. ఉత్తరాన గోదావరి దాటాక దుమ్ముగూడెం, చర్ల అడవులు, ఆపైన ఛత్తీస్‌గఢ్. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016 అక్టోబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. కాగితం మీద గీతలు మారాయి కానీ, నొప్పులు మొదలైన ఆడమనిషిని ఏ గీత అవతలి నుంచైనా భద్రాచలం ఏరియా ఆసుపత్రికే తీసుకొస్తారు.

అక్కడి నర్సుకు ఇంకో లెక్క కూడా ఉంది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్‌లో ఊళ్లు ఖాళీ చేసి వచ్చిన గుత్తికోయలు ఈ అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. ఏ ఓటరు జాబితాలో చూసినా, ఏ పాత సర్వే పుస్తకం తిరగేసినా దొరకని గూడేలవి. జాబితాలో లేని పిల్లాడికి టీకా ఎవరు వెయ్యాలి? జబ్బుకు జాబితా అక్కర్లేదు కదా... అందుకే నర్సే తన రిజిస్టరులో వాళ్ల పేర్లు రాసుకోవాలి. చాలా గుడిసెల పేర్లు మొదటిసారి ప్రభుత్వ పుస్తకంలోకి ఎక్కేది అలాగే.

టీకా కన్నా ముందు... మాట

బుధ, శనివారాలు టీకాల రోజులు. ఆ ఉదయం ఆరోగ్య కేంద్రం నుంచి నీలం రంగు టీకాల డబ్బా బయల్దేరుతుంది. అందులో నాలుగు ఐస్ ప్యాకులు. గడ్డకట్టిన ప్యాకును ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా డబ్బాలో పెట్టేయకూడదు. కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడాలి. లోపల నీళ్లు కదిలిన చప్పుడు రావాలి. ఎందుకంటే పెంటావలెంట్, హెపటైటిస్-బి లాంటి టీకాలకు వేడి ఎంత చేటో గడ్డకట్టడం అంతకన్నా చేటు. ఒక్కసారి గడ్డకడితే ఆ మందు నీళ్లతో సమానం. సీసా మీద చిన్న వలయం, దాని మధ్యలో చతురస్రం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ చతురస్రం నల్లబడుతుంది. వలయం రంగుతో కలిసిపోయిందా, ఆ సీసా ఇక పక్కన పడేయాల్సిందే. అడవిలో పది కిలోమీటర్లు మోసుకెళ్లాకైనా సరే!

ఇదంతా పుస్తకంలో ఉన్నదే. పుస్తకంలో ఉన్నా గూడెం వెళ్లేదాకా విలువ తెలియనిది ఒకటుంది. పెంటావలెంట్ వేసిన సాయంత్రం బిడ్డకు ఒళ్లు వెచ్చబడొచ్చు. సూది గుచ్చిన చోట గట్టిపడొచ్చు. పుట్టగానే ఎడమ భుజానికి వేసిన బీసీజీ కొన్ని వారాలకు చిన్న పొక్కులా లేచి, చితికి, మచ్చగా మారుతుంది. నర్సుకు ఇవి మామూలే. కానీ తల్లికి? ఆడుకుంటున్న బిడ్డను నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్తే రాత్రికి జ్వరం తెప్పించి పంపింది!

ఒకటిన్నర నెల టీకా రోజున నర్సు ఆ మాట ముందే చెప్పకపోతే, రెండున్నర నెలల టీకాకు వెళ్లేసరికి గూడెం ఖాళీగా ఉంటుంది. తల్లులంతా పిల్లల్ని చంకనేసుకుని అడవిలోకి వెళ్లిపోతారు. దాన్ని మూఢనమ్మకం అనడం తేలిక. నిజానికి అది మంచి తల్లి చేసే పనే. జ్వరం వస్తుందని ముందే చెప్పి, పారాసిటమాల్ చేతికిచ్చి, ఎంత వెయ్యాలో చూపించి, మర్నాడు ఆశా కార్యకర్త వచ్చి చూస్తుందని మాటిచ్చి... ఆమె నిజంగా వచ్చిందనుకోండి. అప్పుడు అదే జ్వరం నర్సమ్మ మాట నిజమని చెప్పే సాక్ష్యమవుతుంది. టీకాల కార్యక్రమం నర్సుల్ని ప్రతి తల్లికీ నాలుగు మాటలు చెప్పమంటుంది. ఇది ఏ టీకా, ఏమవ్వచ్చు, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు జాగ్రత్త. రద్దీలో మొదట ఎగిరిపోయేది ఆ రెండోదే.

ఐరన్ మాత్రలదీ ఇదే కథ. గర్భిణికి కనీసం 180 మాత్రలు ఇస్తారు. మింగాక విరేచనం నల్లగా వస్తుంది. కొందరికి కడుపులో తిప్పుతుంది. నల్లరంగు చూసిన అమ్మాయి లోపల ఏదో కుళ్లిపోతోందని బెదిరి మాత్రలు చూరులో దోపేస్తుంది. నర్సు అడిగితే వేసుకుంటున్నానంటుంది, పెద్దమనిషిని నొప్పించడం ఎందుకని. రిజిస్టరులో 180 ఇచ్చినట్టు ఉంటుంది, రక్తం మాత్రం పెరగదు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత, 7 కన్నా తగ్గితే ప్రాణం మీదికి వచ్చే తీవ్ర రక్తహీనత. అందుకే అనుభవమున్న నర్సు ‘వేసుకుంటున్నావా?’ అని అడగదు. ‘ఏ రంగులో అవుతోంది?’ అని అడుగుతుంది. నల్లగా అని సమాధానం వస్తే మాత్రలు లోపలికి పోతున్నట్టే.

అన్నట్టు, ఈ నల్ల విరేచనం సంగతి అడవికే పరిమితం కాదు. ఎర్రుపాలెంలోనూ, హైదరాబాద్ అపార్టుమెంట్లలోనూ మాత్రలు చెత్తబుట్టలో పడేది ఈ భయంతోనూ, కడుపులో తిప్పుతోందనే. పైగా టీతో పాటు మింగేవాళ్లెందరో! టీ తాగితే ఆ ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

‘రాను’ అనడానికి వంద కారణాలు

ఏజెన్సీ నర్సుకు అన్నిటికన్నా పెద్ద పరీక్ష కాన్పు. ఆసుపత్రికి రమ్మంటే రానంటారు. కొత్తగా వచ్చిన నర్సుకు కోపం వస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆ ‘రాను’లో ఏముందో అర్థమవుతుంది.

ఆమె వెళ్తే ఇంట్లో ఉన్న ఇద్దరు చిన్నపిల్లలకు గంజి ఎవరు కాస్తారు? వెంట భర్త వస్తే మిరప కూలి పోతుంది. ఆసుపత్రిలో ఆమె మాట అర్థమయ్యేవాళ్లు ఉండరు. కాన్పు బల్ల మీద వెల్లకిలా పడుకోమంటారు. గూడెంలో అయితే అమ్మ, అత్త చుట్టూ ఉండగా, గొంతుకూర్చుని కంటారు. కాన్పు గదిలోకి తోడు ఎవర్నీ రానివ్వకపోతే, కొత్త మనుషుల మధ్య ఆమె ఒక్కత్తే. అడవి బిడ్డలు మొండివాళ్లు అనేముందు ఈ జాబితా చదవాలి. కాన్పు గదిలో తోడుమనిషి ఉండాలనీ, తల్లికి నచ్చిన భంగిమలో కననివ్వాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. గూడెం అత్తలు ఎప్పట్నుంచో అడుగుతున్నదీ అదే.

కాబట్టి నర్సు ముందు మంత్రసానిని మచ్చిక చేసుకోవాలి. ఆమెను నలుగురిలో తీసిపారేసిన నర్సుకు ఆ గూడెంలో ఇక పని జరగదు. ‘నువ్వూ మాతో బండెక్కు, ఆసుపత్రిలో ఆమె పక్కనే ఉండు’ అంటే మాత్రం సగం పని అయిపోయినట్టే. తర్వాత అత్తగారు. నిర్ణయం గర్భిణిది కాదు, అత్తది, ఒక్కోచోట కులపెద్దది. నర్సు చెప్పాల్సిన మాట అక్కడ చెప్పాలి, అదీ పొయ్యి దగ్గర కూర్చుని.

మాతృ మరణాల గురించి ప్రజారోగ్య నిపుణులు మూడు ఆలస్యాల లెక్క చెబుతారు. వెళ్దామని తేల్చుకోవడంలో ఆలస్యం, ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. గూడెం నుంచి రోడ్డుకు మంచాన్నో డోలీనో మోసుకొచ్చేసరికే రెండు గంటలు దాటే చోట్లున్నాయి. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు మొదలయ్యాక రెండో ఆలస్యం చాలా తగ్గింది... రోడ్డున్నంత మేర. రోడ్డు లేనిచోట, నొప్పులొచ్చాక కాదు, రాకముందే కదలాలి. కాన్పుకు వారం పది రోజుల ముందే తల్లిని తెచ్చి ఆసుపత్రిలో ఉంచడం అందుకే. అప్పుడు ఇప్పపూల లెక్క అక్కరకొస్తుంది.

వానాకాలం వస్తే ఏజెన్సీ నర్సు రోజూ రెండు అంకెలు చూసుకోవాలి. ఒకటి తన పుస్తకంలో కాన్పు తేదీల వరుస. రెండోది భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో గోదారి 75.6 అడుగులకు చేరింది. 2022 జులై 16న 71.3 అడుగులు. అంత నీళ్లొచ్చాక పడవ కోసం వెతికితే ఎలా? నీళ్లు పెరుగుతున్నాయనగానే నెలలు నిండినవాళ్ల పేర్లు వరసగా రాసి, ఒక్కొక్కరినీ ఇవతలి ఒడ్డుకు చేర్చాలి. ఆ చీటీలో ఒక్క పేరు తప్పిపోయినా...

అక్కడ రమ్మని... ఇక్కడ ఆగమని

ఇప్పుడు మళ్లీ ఎర్రుపాలెం వైపు వద్దాం. మైదానంలో నర్సు గెలిచేసిందనే అనుకుంటాం. తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కానీ అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద అదే ఎక్కువ. దేశ సగటు 21.5 శాతం. ప్రైవేటు ఆసుపత్రుల వరకే చూస్తే తెలంగాణలో నూటికి 81 దాటింది.

అడవిలో ‘ఆసుపత్రికి రండమ్మా’ అని బతిమాలిన అదే నర్సు, బదిలీ మీద మైదానానికి వస్తే ‘కొంచెం ఆగండమ్మా’ అని బతిమాలాలి. ఇక్కడ అత్తగారి చేతిలో పంచాంగం ఉంటుంది. మంచి నక్షత్రం, మంచి ఘడియ చూసుకుని కోత పెట్టించే ఇళ్లున్నాయి. నొప్పులు పడలేనని అమ్మాయి, మా బిడ్డ పడలేదని తల్లి. ‘మొదటిది ఆపరేషనే కదా, రెండోదీ అంతే’ అని డాక్టరు. బిడ్డ అడ్డం తిరిగినా, గుండె చప్పుడు తగ్గినా, మాయ దారికి అడ్డొచ్చినా సిజేరియన్ ప్రాణదాత, అందులో వాదన లేదు. అవసరం లేని కోత మాత్రం వచ్చే కాన్పుకు ముప్పు మిగులుస్తుంది. ఈ సంగతి పొట్ట పెరగకముందే, మూడో నెలలోనే మొదలెట్టి చెప్పాలి. తొమ్మిదో నెలలో చెబితే అప్పటికి ముహూర్తం పెట్టేసి ఉంటారు.

తెలంగాణ ప్రభుత్వం 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్ సహకారంతో కొందరు నర్సులకు మిడ్‌వైఫరీలో ప్రత్యేక శిక్షణ మొదలెట్టింది. నొప్పుల్లో ఉన్న తల్లి పక్కనే ఉండి, ధైర్యం చెప్పి, నడిపించి, మామూలు కాన్పు చేయించడం వాళ్ల పని. ఒక రకంగా ఇది మంత్రసాని దగ్గరున్న ఓపికను మళ్లీ ఆసుపత్రిలోకి తీసుకురావడమే. మందులూ, మిషన్లూ పక్కన పెట్టుకుని మరీ!

పతకాలు... పస్తులు

ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే చేతిలో దీపం గుర్తొస్తుంది. ఆమె రెండో చేతిలో పుస్తకం ఉండేదన్నది చాలామందికి తెలియదు. 1854లో క్రిమియా యుద్ధానికి వెళ్లిన ఆమె, సైనికులు గాయాల కన్నా నివారించగలిగే రోగాలతోనే ఎక్కువగా చనిపోయారని లెక్కలు తీసి, బొమ్మలు గీసి చూపించింది. మన దేశంలో ఎప్పుడూ అడుగు పెట్టకపోయినా ఇక్కడి పారిశుద్ధ్యం గురించి ఏళ్ల తరబడి రాసింది. సాగునీటి విషయంలో మన గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ వాదాన్ని బలపరిచింది కూడా. ఏఎన్‌ఎం చంకలో రిజిస్టరు చూసి విసుక్కునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

ఆమె పేరిట 1973 నుంచి కేంద్రం జాతీయ పురస్కారం ఇస్తోంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఎర్రగుంట ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఏఎన్‌ఎం తేజావత్ సుశీల 2023 జూన్‌లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము చేతుల మీదుగా దాన్ని అందుకున్నారు. పెద్ద ఆసుపత్రి నుంచి కాదు, ఏజెన్సీ జిల్లాలోని ఓ ఆరోగ్య కేంద్రం నుంచి వెళ్లిన పేరు అది.

అదే ఏడాది ఆగస్టులో తెలంగాణలో రెండో ఏఎన్‌ఎంలు సమ్మెకు దిగారు. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే పనిచేస్తున్నామనీ, రెగ్యులర్ చేయమనీ వాళ్ల కోరిక. పతకం మెడలో వేయడం అందరికీ ఇష్టమే. నెల జీతం సంగతి వచ్చేసరికి ఫైలు కదలదు. గూడేల్లో వాళ్లు సంపాదించుకున్న నమ్మకాన్ని ఏ నోటిఫికేషన్‌తో భర్తీ చేస్తారో అధికారులే చెప్పాలి.

కాన్పయ్యాక కూడా పని అయిపోదు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను చూడటానికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లాలి. ఇంట్లోనే పుడితే మొదటి రోజు కూడా. బరువు రెండున్నర కిలోల కన్నా తక్కువుంటే నర్సు కళ్లు ఆ ఇంటి మీదే ఉండాలి. ఎర్రుపాలెంలో బాలింత నెలల తరబడి పుట్టింట్లో చెవుల్లో దూది పెట్టుకుని పడుకుని ఉంటుంది కాబట్టి వెతుక్కోవాల్సిన పని లేదు. ఏజెన్సీలో మిరప ఏరే రోజులైతే బాలింత కూడా పనికి వెళ్లిపోతుంది. గుడిసెకు వెళ్తే తడిక వేసి ఉంటుంది. నర్సూ, ఆశా కలిసి చేను వెతుక్కుంటూ వెళ్తారు. గట్టు మీద ఉయ్యాలలో బిడ్డ ఉంటుంది. తల్లి చేతులకు మిరప ఘాటు. ముందు సబ్బు ఇచ్చి ఆ చేతులు రెండుసార్లు కడిగించి, తర్వాత బిడ్డకు పాలిప్పిస్తారు. తూకం వేయడానికి పక్కన గట్టి చెట్టుకొమ్మ ఒకటి ఉంటే చాలు... త్రాసు దానికే తగిలిస్తారు.